14 ఏళ్ళ అమ్మాయికి మొదటి డర్ట్ బైక్: 125 సరిపోతుందా, 250 తీసుకోవాలా?

ప్రశ్న: కొత్తదారి

మా అమ్మాయికి ఈమధ్యే 14 ఏళ్ళు నిండాయి. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. మట్టి దారుల్లోనూ గుట్టల మీదా సైకిల్ బాగా తొక్కుతుంది కాబట్టి పడటం, లేవటం ఆమెకు కొత్త కాదు. కానీ ఇంజను ఉన్న బండిని ఇంతవరకు ఒక్కసారి కూడా నడపలేదు. క్లచ్ ఎలా పట్టుకోవాలో, ఎలా వదలాలో ఆ చేతికి అసలు తెలియదు. ఏడాదిగా డర్ట్ బైక్ కావాలని అడుగుతోంది. నడపడానికి మా బంధువులకు చెందిన ఖాళీ నేల ఉంది, చుట్టూ కంచె ఉంది, రోడ్డు ఎక్కే అవసరం లేదు. నేను చాలా ఏళ్ళుగా రోడ్డు మీద మోటార్ సైకిల్ నడుపుతున్నాను గానీ మట్టిలో నడిపిన అనుభవం లేదు. అందువల్ల ఈ విషయంలో నా అంచనాలు పనికివస్తాయో లేదో నాకే నమ్మకం కుదరడం లేదు.

ఇప్పుడు మా ముందు మూడు దారులు ఉన్నాయి. ఎదిగే పిల్ల కాబట్టి ఇప్పుడే 250 ఫోర్ స్ట్రోక్ రేసు బండి తీసుకుంటే మళ్ళీ మార్చే పని ఉండదని ఒక మిత్రుడి సలహా. తెలిసినవారి దగ్గర వాడిన 125 టూ స్ట్రోక్ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండి ఒకటి అమ్మకానికి ఉంది. "125 కదండీ, చిన్నదే, పిల్లలకు సరిగ్గా సరిపోతుంది" అని వారు చెబుతున్నారు, మా అమ్మాయి మనసు కూడా దాని మీదే ఉంది. మూడోది, క్లచ్ లీవర్ లేని 110 సీసీ బండి. దాన్ని చూపిస్తే ఆమె ముఖం ముడుచుకుంది, చిన్నపిల్లల బండి అంటోంది. అనుభవం ఉన్నవారు ఎవరైనా, ఏది ఎందుకు తీసుకోవాలో వివరంగా చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: గతుకులబాట

నేను కొన్నేళ్ళుగా పిల్లలకు మట్టిలో నడపడం నేర్పుతున్నాను. మీరు చెప్పిన మూడింటిలో మొదటి రెండూ వద్దు. మూడోది ప్రమాదం లేనిదే గానీ మీ అమ్మాయికి ఇప్పటికే చిన్నదైపోయింది. ఆమెకు కావలసింది ఈ రెండు కొసల మధ్య ఉన్న 125 లేదా 140 సీసీ ఫోర్ స్ట్రోక్ ట్రెయిల్ బండి, అంటే రేసుకు కాక మట్టి దారుల్లో సరదాగా తిరగడానికి చేసిన బండి.

ముందుగా, సీసీ అంకె చూసి బండి పెద్దదో చిన్నదో తేల్చడం డర్ట్ బైకుల విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. ఆ 125 టూ స్ట్రోక్ రేసు బండినీ, యమహా టీటీ-ఆర్125ఎల్ఈ అనే ట్రెయిల్ బండినీ పక్కపక్కన ఊహించుకోండి. ఇంజను పరిమాణం రెండింటిదీ దాదాపు ఒకటే, బరువులో కూడా పెద్ద తేడా లేదు, రెండూ తొంభై కిలోల దరిదాపుల్లోనే ఉంటాయి. కానీ రేసు బండి ఇంజను ఇచ్చే శక్తి రెండోదానికి మూడు రెట్లకు పైనే ఉంటుంది, సీటు ఎత్తు 950 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఆ శక్తి వచ్చే తీరు. టూ స్ట్రోక్ రేసు ఇంజను తక్కువ వేగంలో నీరసంగా ఉండి, ఒక దశ దాటగానే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అనుభవం ఉన్నవారికి సరదాగా ఉండేది ఆ క్షణమే, కొత్తవారు వెనక్కి పడేదీ ఆ క్షణంలోనే. భయపడిన చేయి హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటుంది, శరీరం వెనక్కి వాలుతుంది, దానితో మణికట్టు కిందికి తిరిగి యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. బండి ఆపాలనుకున్న మనిషే దాన్ని మరింత వేగంగా పరిగెత్తిస్తారు. ఆ పొరపాటును శక్తి ఇంకా బోలెడు మిగిలి ఉన్న రేసు బండి క్షమించదు, మెతక ఇంజను క్షమిస్తుంది.

అంకె తగ్గితే బండి మెతకదవుతుందన్న నియమం కూడా లేదు. 85 సీసీ రేసు బండి కూడా 125 ట్రెయిల్ బండి కంటే ఎంతో శక్తిమంతమైనది. ఇక పేర్ల సంగతి చూస్తే, హోండాలో సీఆర్ఎఫ్250ఎఫ్ నెమ్మదైన ట్రెయిల్ బండి, సీఆర్ఎఫ్250ఆర్ పోటీ బండి. చివరి ఒక్క అక్షరంతో శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. మీ మిత్రుడు చెప్పిన 250 ఫోర్ స్ట్రోక్ రేసు బండి, మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఎంఎక్స్2 తరగతిలో పోటీపడేవారు వాడే రకానికి చెందినది. దాని మీద క్లచ్ నేర్చుకోవడం మొదలుపెట్టమనడం, ఈత రానివారిని వరద కాలువలోకి దింపడం వంటిది.

ఇప్పుడు 110 గురించి. హోండా సీఆర్ఎఫ్110ఎఫ్, యమహా టీటీ-ఆర్110ఈ వంటి బండ్లలో నాలుగు గేర్లు ఉంటాయి, క్లచ్ దానంతట అదే పనిచేస్తుంది, గేరు మాత్రం కాలితో మార్చాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు ఇంతకంటే మంచి మొదలు లేదు. కానీ వాటి సీటు ఎత్తు 660 నుంచి 670 మిల్లీమీటర్లు. మీ అమ్మాయి కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతాయి. మట్టిలో నడిపేటప్పుడు సగం సమయం ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉండాలి, అంత చిన్న బండి మీద ఆమె అలా నిలబడితే నడుము పూర్తిగా వంచవలసి వస్తుంది. పైగా 14 ఏళ్ళ వయసులో చేతి క్లచ్ నేర్చుకోవడానికి నాలుగైదు గంటల సాధన చాలు. ఆ మాత్రానికి మధ్యలో ఇంకో బండి అవసరం లేదు.

చూడవలసినవి మూడు. హోండా సీఆర్ఎఫ్125ఎఫ్‌లో పెద్ద చక్రాల రకం సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. టీటీ-ఆర్125ఎల్ఈ 805. కవాసాకీ కేఎల్ఎక్స్140ఆర్ మూడు కొలతల్లో వస్తుంది: మామూలుది 780, ఎల్ రకం 800, ఎఫ్ రకం 860. మొదటి రెండింటికీ, కవాసాకీ ఎల్ రకానికీ ముందు చక్రం 19 అంగుళాలు, వెనుకది 16. మామూలు కేఎల్ఎక్స్140ఆర్‌కు చక్రాలు 17, 14. చిన్న చక్రం ప్రతి గుంతలోనూ దిగుతుంది, పెద్ద చక్రం దాని మీదుగా దొర్లిపోతుంది. సైకిల్ తొక్కిన పిల్ల కాబట్టి ఈ తేడా ఆమెకు మీకంటే ముందే తెలుస్తుంది.

ఏదైనా నిర్ణయించే ముందు ఆమె కాలి కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబెట్టి, ఒక పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి ఆనించి, నేల నుంచి దాని పై అంచు వరకు కొలవాలి. ఆ అంకె ఇక్కడ చెప్పండి, మిగతాది మాట్లాడుకుందాం.

జవాబు: ఎత్తుపల్లం

పై సలహాలో ఒక అంశంతో నేను ఏకీభవించలేను. మా అబ్బాయికి 13వ ఏట మేము 125 ట్రెయిల్ బండి కొన్నాము. ఎనిమిది నెలలు తిరిగేసరికి వాడు దాని మీద సర్కసులో ఎలుగుబంటిలా కనిపించడం మొదలైంది, గట్టిగా దూకితే సస్పెన్షన్ అడుగంటా కుంగిపోయేది. చివరికి 230 సీసీ ట్రెయిల్ బండికి మారవలసి వచ్చింది. అది మొదటే తీసుకుని ఉంటే ఒక కొనుగోలు తప్పేది. 230 కూడా మెతక ఇంజనే, రేసు బండి కాదు. కాబట్టి ఎదిగే పిల్లలకు కాస్త పెద్దది తీసుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

జవాబు: గతుకులబాట

మీ అబ్బాయి ఎత్తు ఎంతో చెప్పి ఉంటే బాగుండేది. ఆ వయసులోనే 170 సెంటీమీటర్లు దాటినవారికి మీ మాట నూటికి నూరుపాళ్ళు సరైనదే. అలాంటివారికి నేను కూడా కేఎల్ఎక్స్140ఆర్ ఎఫ్ రకం గానీ యమహా టీటీ-ఆర్230 గానీ చెబుతాను. కానీ టీటీ-ఆర్230 సీటు ఎత్తు 870 మిల్లీమీటర్లు, బరువు 110 కిలోలు దాటుతుంది. 46 కిలోల పిల్ల వాలులో పడిపోయిన అంత బరువును ఒంటరిగా ఎత్తి నిలబెట్టలేదు. మొదటి నెలలో రోజుకు పదిసార్లు పడుతుంది, పదిసార్లూ ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి ఎత్తవలసి వస్తే సరదా అక్కడే చచ్చిపోతుంది. తన బండి తాను ఎత్తుకోగలగాలి అన్నది నా దగ్గర మొదటి పరీక్ష. ఇంజను ఆపి, బండిని మెల్లగా నేల మీద పడుకోబెట్టి ఎత్తమంటాను. ఎత్తలేకపోతే ఆ రోజు ఆ బండి మీద పాఠం ఉండదు.

ఇంకో సంగతి. ట్రెయిల్ బండ్లను బాగా చూసుకుంటే తిరిగి అమ్మేటప్పుడు కొనేవారికి కొరత ఉండదు. ఏడాదిన్నర వాడి మార్చడాన్ని నష్టంగా లెక్కపెట్టనక్కరలేదు.

జవాబు: పాతస్పానర్

బండి ఎంపిక గురించి పైన చెప్పినదానికి నేను చేర్చేది ఏమీ లేదు. నేను మెకానిక్‌ని, అందుచేత వాడిన బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఏమి చూడాలో మాత్రం చెబుతాను, ఎందుకంటే ట్రెయిల్ బండి అయినా చివరికి మీరు వాడినదే కొనే అవకాశం ఎక్కువ.

మీరు వస్తున్నట్టు ముందే చెప్పండి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఉంచమని కోరండి. వెళ్ళగానే చేతి వెనుక భాగాన్ని ఇంజను దగ్గరగా పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని బండిని మీ కోసం ముందే సిద్ధం చేశారని అనుమానించాలి. తరువాత సీటు కింద లేదా పక్క మూత వెనుక ఉండే ఎయిర్ ఫిల్టర్ తీయించండి. ఫిల్టర్ మురికిగా ఉండటం పెద్ద నేరం కాదు. దాని వెనుక ఇంజను వైపు వెళ్ళే గొట్టంలోకి వేలు పెట్టి తిప్పండి. వేలికి సన్నని దుమ్ము అంటితే ఆ దుమ్ము పిస్టన్ దాకా వెళ్ళినట్టే. అలాంటి బండి ఎంత మెరుస్తున్నా వదిలేయండి. మట్టి బండ్ల ఇంజన్లను చంపేది వేగం కాదు, దుమ్ము.

ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీళ్ళు వెళ్ళాయని అర్థం. ఫోర్ స్ట్రోక్ బండి సైలెన్సర్ నుంచి నీలంపాటి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. బండిని స్టాండు మీద నిలిపి ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపండి, టకటకమంటే బేరింగులు అరిగాయి. వెనుక చక్రాన్ని పైకెత్తి వదిలినప్పుడు సస్పెన్షన్ జాయింట్లలో లూజు తెలిస్తే వాటి బుషులు కూడా మార్చవలసి ఉంటుంది. స్పోకులను ఒక్కొక్కటిగా చిన్న స్పానర్‌తో తట్టి వినండి, బిగుతుగా ఉన్నవి ఖంగుమని మోగుతాయి, వదులైనవి మొద్దుగా శబ్దం చేస్తాయి. ముందు ఫోర్కులను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి, కడ్డీల మీద నూనె చారలు వచ్చాయేమో చూడండి. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా ఒక వైపుకు వంగి ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. కొత్త ప్లాస్టిక్, కొత్త స్టిక్కర్లు ఉండి ఫుట్‌రెస్టులు మాత్రం అరిగి వంకరపోయి ఉంటే, అరుగుదల చెప్పే మాటనే నమ్మండి. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఆ టూ స్ట్రోక్ గురించి ఒక మాట, మీరు దాన్ని పూర్తిగా వదులుకోకపోతే. గేర్లకు వేరే ఆయిల్ ఉన్నా, వాటి పిస్టన్‌కు విడిగా ఆయిల్ అందదు, పెట్రోలులోనే కలపాలి. కంపెనీ పుస్తకంలో 32కు 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు సుమారు 31 మిల్లీలీటర్లు, 40కి 1 అని ఉంటే 25 మిల్లీలీటర్లు. ఒక్కసారి మరిచిపోయి ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. పోటీ బండ్లకు కిలోమీటర్ల లెక్క కాదు, గంటల లెక్క. ఇన్ని గంటలకు పిస్టన్, ఇన్ని గంటలకు రింగులు అని పుస్తకంలోనే రాసి ఉంటుంది. రోడ్డు బండిలా ఏడాదికి రెండుసార్లు సర్వీసు చేయిస్తే సరిపోతుందనుకునేవారు వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. ట్రెయిల్ బండి అయితే మీరు నేర్చుకోవలసినవి ఆయిల్ మార్చడం, ఫిల్టర్ కడిగి నూనె పట్టించడం, చైను బిగువు సరిచూడటం అంతే. కార్బురేటర్ ఉన్న టీటీ-ఆర్ లాంటి బండిని నెలల తరబడి నడపకుండా ఉంచేటప్పుడు కార్బురేటర్‌లోని పెట్రోలు వంపేయండి, లేకపోతే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం (జెట్) మూసుకుపోతుంది. సీఆర్ఎఫ్125ఎఫ్‌కు 2019 మోడల్ నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, దానితో ఈ బెడద తక్కువ.

జవాబు: నిశ్శబ్దచక్రం

ఎలక్ట్రిక్ బండ్ల పేరు ఎవరూ ఎత్తలేదు. శబ్దం ఉండదు, క్లచ్ ఉండదు, చాలా వాటిలో శక్తిని తగ్గించి పెట్టే ఏర్పాటు ఉంటుంది. అయితే రేపు పెట్రోలు బండికి మారాలనుకుంటే క్లచ్ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మరొకటి, శబ్దం లేకపోవడం వల్ల బండి ఆన్‌లో ఉన్న సంగతి మరిచి యాక్సిలరేటర్ తిప్పేసే పొరపాటు వీటిలో జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: కొత్తదారి

అందరికీ ధన్యవాదాలు. కాలి కొలత 73 సెంటీమీటర్లు వచ్చింది. రేసు బండి శక్తి సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. భయంలో మణికట్టు కిందికి తిరిగిపోతుందన్న చోట ఆగి, సైకిల్ మీద వాలులో బ్రేకు పట్టబోయి హ్యాండిల్‌ను బిగించిన రోజును తనే గుర్తు చేసుకుంది. ఆ 125 టూ స్ట్రోక్ మాట ఇక ఎత్తడం లేదు. ఇప్పుడు 785, 805 మిల్లీమీటర్ల సీట్లు 73 సెంటీమీటర్ల కాలికి ఎక్కువ కావా? ఆమెకు రెండు పాదాలూ నేలకు ఆనవు కదా? అలాగే, రక్షణ సామగ్రిలో ఏది ముందు కొనాలో కూడా చెప్పండి.

జవాబు: గతుకులబాట

రోడ్డు బండి అలవాటు వల్ల మీకు ఆ సందేహం వచ్చింది. మట్టి బండి మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనడం అవసరం లేదు, ఆనితే ఆ బండి త్వరలో చిన్నదైపోతుందని కూడా అర్థం. లెక్క చూడండి: 730కి బూటు అడుగు మందం సుమారు 30 కలిపితే 760. ఆమె కూర్చోగానే సస్పెన్షన్ మరికొంత కుంగుతుంది. కాబట్టి 785 సీటు మీద రెండు పాదాల ముందు భాగాలూ గట్టిగా ఆనుతాయి, 805 మీద వేళ్ళు ఆనుతాయి, కాస్త ఒక పక్కకు జరిగితే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. రెండూ సరిపోతాయి. నేనైతే మొదటిది ఎంచుకుంటాను. అంకెలు ఎంత చెప్పినా, కొనే ముందు ఆమెను బూట్లు వేసి కూర్చోబెట్టి చూడాలి, ఎందుకంటే తేలికైన పిల్లల కింద స్ప్రింగు ఎంత కుంగుతుందో ఒక్కో బండిలో ఒక్కో రకం.

సామగ్రిలో హెల్మెట్ మొదటిది, బూట్లు రెండోవి, మిగతావి ఆ తరువాత. హెల్మెట్ మీద ఈసీఈ 22.06 వంటి ప్రమాణం గుర్తు ఉండాలి. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది కొనకండి, తల ఊపినప్పుడు చెంపల చర్మం దానితోపాటు కదలాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి, అందుకే వాడినది కొనకూడదు. బూట్లు మోకాలి కింది వరకు ఉండే మోటోక్రాస్ బూట్లే కావాలి. కొత్తవారికి తరచుగా దెబ్బ తగిలేది చీలమండకు, బండి కింద పాదం ఇరుక్కున్నప్పుడు. కొత్త బూట్లు చెక్కలా బిగుసుకుని ఉంటాయి, గేరు లీవరు ఎక్కడుందో పాదానికి తెలియదు. బండి రాకముందే కొని, రోజూ కాసేపు ఇంట్లో వేసుకుని తిరగమనండి. మోకాలి, మోచేతి గార్డులకు ఈఎన్ 1621-1, ఛాతీ రక్షణకు ఈఎన్ 1621-3 ప్రమాణాలు చూడండి. కళ్ళజోడు, చేతి తొడుగులు చివర అన్నాను గానీ అవి లేకుండా కూడా బయలుదేరకూడదు.

మొదటి రోజు యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకోకుండా ఆపే స్క్రూ ఆ బండికి ఉందేమో చూసి, ఉంటే సగానికి బిగించండి. ఇంజను స్టార్ట్ చేసి మొదటి గేరులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కదానితోనే బండిని పది అడుగులు కదిలించి ఆపడం వంద సార్లు చేయించండి. ఆమెకు విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. మీరు పక్కన నడవండి, ఎదురుగా నిలబడకండి.

ప్రశ్న అడిగినవారు: కొత్తదారి

వాడిన సీఆర్ఎఫ్125ఎఫ్ పెద్ద చక్రాల రకం ఒకటి చూడటానికి ఆదివారం వెళుతున్నాము, ఇంజను చల్లగా ఉంచమని ముందే చెప్పాను. పాతస్పానర్ గారూ, గొట్టంలో వేలు పెట్టే పని అమ్మాయి తనకే అప్పగించమంది. బూట్లు నిన్న వచ్చాయి. అప్పటి నుంచి ఆమె వాటితోనే మేడ మెట్లు ఎక్కి దిగుతోంది, కింది గదిలో కూర్చుని ఇది రాస్తున్న నాకు ప్రతి మెట్టూ లెక్క తెలుస్తోంది.